మజ్జిగ, వంటనూనెల పోషక విలువలు: కొనకనమిట్ల ప్రాంతం

పశ్చిమ ప్రకాశంలో పొదిలికీ మార్కాపురానికీ మధ్య ఉన్న మండల కేంద్రం కొనకనమిట్ల. వాన మీద ఆధారపడ్డ మెట్ట సేద్యం, పాడి పశువులు ఈ ప్రాంతపు కుటుంబాలకు ఆదరువు. ఈ రెండింటి నుంచి రోజూ వంటింట్లోకి చేరేవి మజ్జిగ, నూనె. పెరుగు నుంచి వెన్న తీసేశాక మిగిలేది మజ్జిగ. గింజ నుంచి పిండి తీసిన కొవ్వే నూనె. అందువల్ల ఈ రెంటిలో ఏది బలం అని అడిగితే ఒక్కమాటలో జవాబు రాదు. ఒకదాని పని ఇంకొకటి చేయలేదు.

తయారీలో జరిగే మార్పు

కాచి తోడుపెట్టిన పెరుగును కవ్వంతో చిలికితే కొవ్వు కణాలు ఒకదానికొకటి అంటుకుని వెన్నగా పైకి తేలతాయి. గేదె పాలలో 100 గ్రాములకు దాదాపు 6.5 గ్రాముల కొవ్వు ఉంటుంది. అందులో చాలా భాగం వెన్నతో పోతుంది, దాంతోపాటే కొవ్వులో కరిగే విటమిన్ ఎ కూడా పోతుంది. మాంసకృత్తులు, కాల్షియం, బి విటమిన్లు మజ్జిగలో నిలుస్తాయి. తోడులోని బాక్టీరియా పాలచక్కెర అయిన లాక్టోజ్‌లో కొంత భాగాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పులుపు దీనివల్లే వస్తుంది. పాలు పడని చాలామందికి మజ్జిగ సరిపడటానికీ ఇదే కారణం.

గానుగలో ఇందుకు భిన్నంగా జరుగుతుంది. గింజలోని కొవ్వు నూనెగా బయటికొస్తుంది, మాంసకృత్తులు, ఖనిజాలు, పీచు చెక్కలో ఉండిపోతాయి. పొట్టు తీయని నువ్వులలో 100 గ్రాములకు దాదాపు 1,450 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, నువ్వుల నూనెలో మాత్రం చెప్పుకోదగ్గ కాల్షియం ఉండదు. అదంతా నువ్వుల చెక్క అయిన తెలగపిండిలోనే మిగులుతుంది. తెలుగువారు తెలగపిండిని మునగాకుతో కలిపి కూర వండుకోవడం, బాలింతలకు పెట్టడం వెనక ఈ విలువ ఉంది. అయితే ఆ కాల్షియంలో పెద్ద భాగం ఆక్సలేట్ రూపంలో ఉంటుంది కాబట్టి పాల కాల్షియం పట్టినంత తేలిగ్గా ఒంటికి పట్టదు. వేరుశనగ చెక్క పశువులకు దాణా అవుతుంది. నూనెతో రాని మాంసకృత్తులు అలా గేదె కడుపు మీదుగా పాలలోకి, పాల నుంచి మజ్జిగలోకి చేరతాయి.

పోషకాల పోలిక

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆహార పట్టికల ప్రకారం పలుచటి మజ్జిగ విలువలు, వాటి పక్కన నూనెల విలువలు ఇవి (100 గ్రాములకు, సుమారుగా):

| పోషకం | మజ్జిగ | వేరుశనగ నూనె | నువ్వుల నూనె |
|---|---|---|---|
| శక్తి (కిలోకేలరీలు) | 15 | 900 | 900 |
| మాంసకృత్తులు (గ్రా.) | 0.8 | 0 | 0 |
| కొవ్వు (గ్రా.) | 1.1 | 100 | 100 |
| పిండిపదార్థాలు (గ్రా.) | 0.5 | 0 | 0 |
| కాల్షియం (మి.గ్రా.) | 30 | 0 | 0 |

నీళ్లు ఎక్కువ పోస్తే మజ్జిగ అంకెలు తగ్గుతాయి, చిక్కగా ఉంటే పెరుగుతాయి. తినే కొలతల్లో చూస్తే తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసుడు మజ్జిగలో దాదాపు 30 కిలోకేలరీలు ఉంటే, ఒక్క టీస్పూను నూనెలో 40 ఉంటాయి. ఎండలో కూలికి వెళ్లే మనిషికి మజ్జిగ దాహం తీర్చి, చెమటతో పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి ఇస్తుంది. రోజంతా పని చేసే శక్తి మాత్రం దానివల్ల రాదు. ఆ శక్తి అన్నం, సంకటి, పప్పు, నూనెల నుంచి రావాలి.

నూనె ప్రత్యేకత

శరీరం సొంతంగా తయారు చేసుకోలేని లినోలిక్ ఆమ్లం ఈ నూనెలలో దండిగా ఉంటుంది. వేరుశనగ నూనెలో అది మూడింట ఒక వంతు వరకు, నువ్వుల నూనెలో 40 శాతం పైన ఉంటుంది. వేరుశనగ నూనెలో విటమిన్ ఇ కూడా బాగానే ఉంటుంది. నువ్వుల నూనెలోని సెసమిన్, సెసమోలిన్ అనే లిగ్నాన్లు, వాటి నుంచి ఏర్పడే సెసమోల్ దాన్ని తొందరగా కనరెక్కనివ్వవు. ఆకుకూరల్లోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె ఉండాలి. బి12 మాత్రం ఏ నూనెలోనూ ఉండదు. మాంసం, గుడ్డు ముట్టనివారికి దాన్ని ఇచ్చేవి పాలు, పెరుగు, మజ్జిగలే.

ఫ్లోరైడ్ నేలలో కాల్షియం

ఈ పోలికకు పశ్చిమ ప్రకాశంలో ప్రత్యేకమైన బరువు ఉంది. ఇక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. మనుషుల్లో ఎముకలను దెబ్బతీసే ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు తమ వ్యాసంలో నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలో ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి ఒంగోలు కిందికి వచ్చాయి.

కాల్షియం పేగులో ఫ్లోరైడ్‌ను పట్టుకుని, అది రక్తంలోకి చేరకుండా కొంత అడ్డుకుంటుంది. ఆహారంలో కాల్షియం కొరవడిన పిల్లల ఎముకలకు ఫ్లోరైడ్ హాని మరింత ఎక్కువ. అందుకే పాడి ఉన్న ఇంట్లో పాలన్నీ పాల సేకరణ కేంద్రానికి పోసేసి, పిల్లలకు నీళ్ల మజ్జిగతో సరిపెట్టడం మంచిది కాదు. 300 మిల్లీలీటర్ల గేదె పాలలో 600 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పలుచటి మజ్జిగతో అంత రావాలంటే పది గ్లాసులు తాగాలి.

ఇంకో సంగతి మరవకూడదు. మజ్జిగలో తొంభై శాతానికి పైగా నీళ్లే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు కలిపితే ఆ ఫ్లోరైడ్ మజ్జిగలోకీ వస్తుంది. కాచినా అది పోదు, నీరు ఆవిరై తగ్గేకొద్దీ గాఢత ఇంకా పెరుగుతుంది. మజ్జిగ కలపడానికి తాగేందుకు పనికొచ్చే శుద్ధమైన నీళ్లే వాడాలి. వేసవిలో చలివేంద్రాలు నడిపేవారికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

రోజువారీ మోతాదు

భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం 2,000 కిలోకేలరీల భోజనంలో రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 27 గ్రాముల నూనె ఉండాలి. 27 గ్రాములంటే దాదాపు ఆరు టీస్పూన్లు. పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. రక్తపోటు ఉన్నవారు మజ్జిగలో ఉప్పు తగ్గించి, అల్లం, కరివేపాకు, కొత్తిమీరతో రుచి తెచ్చుకోవచ్చు. మజ్జిగను పాలకు, పెరుగుకు బదులుగా కాక వాటికి తోడుగా తీసుకుని, నూనెను ఈ కొలత దాటకుండా వాడుకుంటే, మెట్ట ఊరి భోజనంలో రెంటి మేలూ దక్కుతుంది.