కరెంటు పెడితే లివరు పోతుందా?

మన ఊళ్ళలో రేడియేషన్ వైద్యాన్ని ఇప్పటికీ "కరెంటు పెట్టడం" అనే అంటారు. సిరోసిస్‌తో బాధపడుతున్న మనిషికి అదే లివర్‌లో క్యాన్సర్ గడ్డ కూడా తేలిందనుకోండి, ఇంట్లో ముందు వినిపించే మాట, "కరెంటు మాత్రం వద్దు, ఉన్న కాస్త లివరూ పోతుంది." ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. ఒకప్పుడు డాక్టర్ల మాట కూడా ఇదే.

1965లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు "రేడియేషన్ హెపటైటిస్" గురించి ఒక వ్యాసం ప్రచురించారు. లివర్ మొత్తానికి రేడియేషన్ ఇచ్చినప్పుడు, మోతాదు సుమారు 30 గ్రేలు దాటితే, కొన్ని వారాల తర్వాత కొందరికి లివర్ వాచి పొట్టలో నీరు చేరేది. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. గడ్డ చావాలంటే అంతకన్నా చాలా ఎక్కువ మోతాదు కావాలి. దాంతో లివర్ క్యాన్సర్‌కి ఈ దారి దాదాపుగా మూసుకుపోయింది.

మళ్ళీ తెరిచింది గురి. స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ అనే సర్జన్ 1951లోనే, తలని ఒక చట్రంలో కదలకుండా బిగించి మెదడులో ఒక్క బిందువు మీదికి కిరణాలు పంపే ఆలోచన చేశాడు. కానీ లివర్ మెదడులా కుదురుగా ఉండదు, ఊపిరి తీసిన ప్రతిసారీ కిందికీ పైకీ జరుగుతుంది. 1990ల మొదట్లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కాలో లాక్స్, బ్లోమ్‌గ్రెన్ అనే ఇద్దరు ఒంటికి సరిపోయే చట్రం తయారుచేసి, పొట్టని కొంచెం నొక్కిపట్టి ఆ కదలికని తగ్గించారు. అదే కాలంలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు సీటీ స్కాన్‌ల సాయంతో లెక్కగట్టి, లివర్‌లో కొంత భాగాన్ని వదిలేస్తే మిగతా భాగానికి ఎక్కువ మోతాదు ఇవ్వొచ్చని చూపించారు.

ఈ కథలో ఒక మలుపు మా కాపెల్‌కి దగ్గర్లోని డాలస్‌తో ముడిపడి ఉంది. యూటీ సౌత్‌వెస్టర్న్‌లో పనిచేసే రాబర్ట్ టిమ్మర్‌మన్ అంతకుముందు ఇండియానాలో ఉండేవారు. ఆయన, కొలరాడో డాక్టర్లు కలిసి చేసిన ఒక పరిశోధన 2005లో వచ్చింది. వేరే చోట పుట్టి లివర్‌కి పాకిన క్యాన్సర్ల మీద చేసిన పని అది. వాళ్ళు పెట్టుకున్న నియమం చిత్రంగా ఉంటుంది: గడ్డకి ఎంత ఇచ్చినా, కనీసం 700 మిల్లీలీటర్ల మంచి లివర్‌కి 15 గ్రేల కన్నా తక్కువే తగలాలి. సర్జన్లు కూడా ఇలాగే ఆలోచిస్తారు, ఎంత కోశాం అన్నదానికన్నా ఎంత మిగిల్చాం అన్నది ముఖ్యం.

చిక్కంతా ఇక్కడే ఉంది. సిరోసిస్ ఉన్న మనిషి 700 మిల్లీలీటర్లూ, ఆరోగ్యవంతుడి 700 మిల్లీలీటర్లూ ఒకటి కావు. అందుకే డాక్టర్లు ముందు చైల్డ్-ప్యూ గ్రేడు చూస్తారు. బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం, పొట్టలో నీరు, మనసు మసకబారడం, ఈ అయిదింటికీ మార్కులు వేసి ఏ, బీ, సీ అని విడదీస్తారు. ఏ అయితే ధైర్యంగా ముందుకెళ్తారు. బీ అయితే మోతాదు తగ్గించి ఆచితూచి ఇస్తారు. సీ అయితే మామూలుగా ఈ జోలికి వెళ్ళరు.

టొరంటోకి చెందిన లారా డాసన్ నాయకత్వంలో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2022లో వెల్లడయ్యాయి. ముదిరిన లివర్ క్యాన్సర్‌కి సొరాఫెనిబ్ మాత్రలు ఒక్కటే వాడినవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 12.3 నెలలు, ముందు గురిపెట్టిన రేడియేషన్ కూడా ఇచ్చినవాళ్ళకి 15.8 నెలలు. అద్భుతం కాదు, కానీ ఆ మూడు నెలల విలువ ఆ ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. ఆ పరీక్షలో చేర్చుకున్నది కూడా ఏ గ్రేడు వాళ్ళనే.

కాబట్టి పెద్దవాళ్ళ భయం సగం నిజం. ఇండియాలో మనవాళ్ళెవరికైనా ఈ పరిస్థితి వస్తే, "కరెంటు పెట్టొచ్చా" అని అడిగేముందు "చైల్డ్-ప్యూ ఎంత, గడ్డని వదిలేస్తే మంచి లివర్ ఎంత మిగిలింది" అని డాక్టర్‌ని అడగండి. జవాబు చాలావరకు అందులోనే ఉంటుంది.