మేడారం జాతర రవాణా

ములుగు జిల్లా, తాడ్వాయి మండలంలోని మేడారం గ్రామంలో రెండు సంవత్సరాలకొకసారి మాఘ శుద్ధ పౌర్ణమి సమయంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. ఈ గ్రామం 2016 వరకు వరంగల్ జిల్లాలోను, తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను ఉండి, 2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన ములుగు జిల్లాలో చేరినది. గ్రామానికి రైలు మార్గం లేనందున భక్తులు ప్రధానంగా రోడ్డు మార్గంపైనే ఆధారపడతారు.

మార్గాలు

వరంగల్ వైపు నుండి వచ్చేవారు 163వ జాతీయ రహదారిపై ములుగు మీదుగా పస్రా చేరుకొంటారు. అక్కడి నుండి నార్లాపూర్ మీదుగా ఒక దారి, తాడ్వాయి మీదుగా మరొక దారి కలవు. జాతర రోజులలో ఆర్టీసీ బస్సులను తాడ్వాయి మార్గంలోను, సొంత వాహనాలను నార్లాపూర్ మార్గంలోను పంపుట పరిపాటి. పూర్వం భక్తులు ఎక్కువగా ఎడ్లబండ్లపై వచ్చేవారు. 2024 జాతరకు ఆర్టీసీ సుమారు 6,000 ప్రత్యేక బస్సులు నడిపినది.

చక్రాల పట్టు

జాతర చలికాలం చివర జరిగినను ఇక్కడ మంచు కురవదు. కావున రోహ్‌తాంగ్ కనుమ వంటి హిమాలయ మార్గాలలో వలె టైర్లకు గొలుసులు చుట్టవలసిన అవసరం లేదు. ఇక్కడి ఇబ్బంది ఇసుక, దుమ్ము. వాహనాలను నిలిపేది కోతలు ముగిసిన పొలాలలో. జంపన్న వాగు ఒడ్డున ఇసుక మేటలు కలవు. మెత్తని ఇసుకలో చక్రం వేగంగా తిరిగినకొద్దీ లోతుకు దిగబడుతుంది. టైరులో గాలి కొంత తగ్గించినచో నేలపై ఆనే భాగం పెరిగి పట్టు దొరుకుతుంది. రోడ్డు ఎక్కిన పిమ్మట తిరిగి గాలి నింపుట తప్పనిసరి. లేనిచో టైరు వేడెక్కి పగిలిపోయే ప్రమాదం కలదు.

నియమాలు

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం టైరు గాడుల లోతు ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 0.8 మి.మీ., ఇతర మోటారు వాహనాలకు 1.6 మి.మీ. కంటె తగ్గరాదు. అరిగిన టైరు తడి రోడ్డుపై నీటిని పక్కకు నెట్టలేక జారిపోతుంది.

వర్షాకాలం

జాతర లేని కాలంలోను భక్తులు గద్దెలను దర్శిస్తారు. వర్షాకాలంలో ఈ ప్రయాణం ప్రమాదకరం. 2023 జులైలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మి.మీ. వర్షం కురిసినది. అప్పుడు జంపన్న వాగు పొంగి, గోవిందరాజు కొలువైన కొండాయి గ్రామంలో పలువురు మరణించారు. ప్రవహించే నీరు వాహనాన్ని పైకి లేపి చక్రాలకు నేలపై పట్టు లేకుండా చేస్తుంది. మంచి టైర్లున్నను వాగు దాటుట క్షేమకరం కాదు.