ఉగ్గు గిన్నె నుంచి మాల్ట్ పిండి దాకా

ప్రతి సంవత్సరం ఈ నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, కంతులు ఎంత వసూలైనాయి అని రాస్తాం. ఆ లెక్కలు వెనక పేజీల్లో ఉన్నాయి. ఈసారి బిడ్డల తిండి చరిత్ర రాయమని కార్యవర్గంలో అడిగినారు. ఎందుకో మీకు తెలుసు. మాల్ట్ పిండి యూనిట్ పెడదామా వద్దా అని ప్రతి సమావేశంలోనూ మాట వస్తానే ఉంది. పెట్టేముందు ఈ పని ఇదివరకు ఎవరెవరు చేసినారు, ఎక్కడ నిలబడింది, ఎక్కడ మన చేయి దాటిపోయింది అని తెలుసుకుంటే మంచిదని మేమంతా అనుకున్నాం.

ఉగ్గు అనే మాటతో మొదలు పెడతాం. ఇప్పుడు ఉగ్గు అంటే పిండి కాచి పెట్టేది అనుకుంటాం గానీ, పాత అర్థం వేరే. తల్లిపాలల్లో ఆముదం కలిపి పసిబిడ్డకు తాగించేదాన్ని ఉగ్గు అనేవాళ్లు. దానికోసమే ముక్కు ఉండే చిన్న గిన్నె, ఉగ్గు గిన్నె. తమిళం కలిసిన మన పల్లెల్లో దాన్నే సంగు అంటారు. ఆరో నెలలో అన్నప్రాసన చేసి, ఆ తరవాత గట్టి తిండి మొదలుపెట్టేవాళ్లు. తూర్పు పక్క వరి పండే ఊళ్లలో బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, ఇసుర్రాయిలో నూకగా ఇసిరి పెట్టుకునేది. మదనపల్లె, పలమనేరు, కుప్పం పక్క రాగులే ఆధారం. రాగులు రాత్రి నానబెట్టి, రుబ్బి, పలచని గుడ్డలో వేసి పిండితే పాలు దిగుతాయి. ఆ పాలు సన్న మంట మీద కలపెడతా కాస్తే బిడ్డకు జావ. పొట్టు గుడ్డలోనే మిగులుతుంది.

ఇందులో ఆముదం సంగతి మాత్రం వదిలేయాల్సిందే. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని ఇప్పుడు డాక్టర్లందరూ చెప్తారు. ఒక విషయం గమనించండి. 2001కి ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య వేరే తిండి మొదలు పెట్టమనేది. 2001లో ఆరు నెలలు నిండాకే అని మార్చింది. మన అవ్వలు అన్నప్రాసన ముహూర్తం పెట్టింది కూడా ఆరో నెలలోనే. చదువుకున్నవాళ్లు తిరిగి తిరిగి ఆ లెక్క దగ్గరికే వచ్చినారు.

అట్లని పాత కాలమంతా బంగారమని మేము రాయం. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. దానికి ముందు మన ఊళ్లు కొన్ని ఉత్తర ఆర్కాటులో, కొన్ని కడప జిల్లాలో ఉండేవి. 1876-78 కరువు ఈ రెండు జిల్లాలనూ పట్టుకుంది. 1952లో మళ్లీ రాయలసీమ అంతా కరువు వచ్చి గంజి కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది. రుబ్బడానికి రాగులే లేని ఇంట్లో ఉగ్గు యాడనుంచి వస్తుంది? కరువు లేని ఏడు కూడా తల్లి కూలికి పోతే చంటిబిడ్డ పెద్దపాప చంకలో ఉండేది. ఆ పెద్దపాప బడి మాని చెల్లెలికి గంజినీళ్లు తాగిస్తా ఉండేది. మనలో నలభై దాటిన అక్కలను అడగండి, ఎంతమంది ఆ పెద్దపాపలో చెప్తారు.

ఇంక బయటి ప్రపంచం. 1867లో స్విట్జర్లాండులో హెన్రీ నెస్లే అనే ఆయన పాలు, గోధుమపిండి, చక్కెర కలిపి పసిబిడ్డల పొడి తయారు చేసి అమ్మినాడు. డబ్బా తిండి వ్యాపారం అట్లా పెరిగింది. ఆ తరవాత ఆఫ్రికాలో గోల్డ్ కోస్టులో (ఇప్పటి ఘనా) పని చేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ 1933లో ఒక జబ్బు గురించి రాసింది. ఒళ్లు ఉబ్బి, జుట్టు ఎర్రబారి, బిడ్డ నవ్వడం మానేస్తుంది. అక్కడి తల్లులు దాన్ని క్వాషియోర్కర్ అనేవాళ్లు. చెల్లెలో తమ్ముడో పుట్టినాక రొమ్ము నుంచి తోసేసిన బిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాటకు అర్థం. జబ్బుకు పేరు పెట్టింది డాక్టర్లు కాదు, ఆ తల్లులే. అదే డాక్టరమ్మ 1939లో సింగపూరులో, చక్కెర వేసిన డబ్బా పాలు బిడ్డలకు పోయడం హత్యతో సమానమని సభలో నిలబడి చెప్పింది. ప్రభుత్వాలు వినడానికి నలభై ఏండ్లు పట్టింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభలో డబ్బా పాల ప్రకటనలకు హద్దు పెట్టే నియమావళికి 118 దేశాలు ఓటు వేస్తే, వ్యతిరేకంగా వేసింది అమెరికా ఒక్కటే. మన దేశంలో 1992లో చట్టం వచ్చింది. 2003లో దాన్ని సవరించి రెండేండ్ల లోపు బిడ్డల తిండి డబ్బాలకూ ప్రకటన ఉండకూడదన్నారు.

మన పక్క చరిత్ర ఇంకా దగ్గరిది. 1918లో నీలగిరుల్లో కూనూరులో మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ డాక్టరు చిన్న ప్రయోగశాల పెట్టినాడు. అది 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ పని చేసిన డాక్టర్ సి. గోపాలన్ గారి మాట ఒకటి మన ఆడవాళ్లు గుర్తు పెట్టుకోవాలి. ఆ కాలంలో ప్రపంచమంతా బిడ్డలకు ప్రొటీన్ తక్కువైంది, ప్రొటీన్ పొడులు తయారు చేయాలి అని గొడవ. వీళ్లు హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో బిడ్డలకు గోధుమపిండి, చక్కెర, నూనెతో చేసిన తిండి రోజూ పెట్టి చూసినారు. అందులో 310 కేలరీలు, ప్రొటీన్ 3 గ్రాములే. బిడ్డలు బాగా పెరిగినారు. 1973లో అది అచ్చు వేసినారు. అంటే మన బిడ్డలకు లోటు ఏదో మాయ పొడి కాదు, కడుపుకు చాలినంత తిండి. ఈ మాట టీవీలో ఎవరూ చెప్పరు, చెప్తే డబ్బా అమ్ముడుపోదు గదా.

హైదరాబాద్ మిక్స్ అని వింటా ఉంటాం, అది కూడా అక్కడిదే. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, చెనిక్కాయలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములు. ఇందులో 330 కేలరీలు, 11.3 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. ధాన్యం, పప్పు, చెనిక్కాయలు విడివిడిగా వేయించి, పొడి చేసి, బెల్లంతో కలపడమే. చిత్తూరు బెల్లం, మన కయ్యల్లో చెనిక్కాయలు. కొనాల్సింది గోధుమలే, వాటి బదులు రాగులు వేసుకునేవాళ్లూ ఉన్నారు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటే, బియ్యంలో 10 మాత్రమే.

చెనిక్కాయల దగ్గర ఒక జాగ్రత్త. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు గుంపులు గుంపులుగా చచ్చిపోతే, వాటికి పెట్టిన చెనక్కాయ చెక్కలో బూజు విషం ఉందని కనుక్కున్నారు. అఫ్లాటాక్సిన్ అంటారు. వానలో తడిసి ముక్క వాసన వచ్చే గింజ, ముడతలు పడిన గింజ, నల్లబడిన గింజ బిడ్డల పిండిలోకి పోకూడదు. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. గింజ గింజా ఏరాల్సిందే. యూనిట్ పెడితే అన్నిటికన్నా ఎక్కువ చేతులు కావాల్సింది ఈ పనికే. పొడి చేయకుండా గింజ అట్లనే చిన్నబిడ్డకు ఇవ్వకండి, గొంతులో ఇరుక్కుంటుంది.

ఇప్పుడు మొలకల సంగతి. మాల్ట్ అంటే మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి ఇసిరిన పిండి. మామూలు రాగిపిండి కాస్తే నీళ్లంతా పీల్చుకుని సంగటి మాదిరి గట్టిపడుతుంది. బిడ్డ మింగలేదు. మింగేటట్టు పలచగా చేస్తే నీళ్లు ఎక్కువ, పిండి తక్కువ. చిన్న పొట్ట, రెండు గరిటెలకే నిండిపోతుంది, ఒంటికి పట్టేదేమీ ఉండదు. మొలకెత్తించిన గింజలో గంజిని విడగొట్టే గుణం పుడుతుంది. దాంతో ఎక్కువ పిండి వేసినా జావ జారుడుగా ఉంటుంది. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థలో మల్లేషి, దేశికాచార్ అనే ఇద్దరు మొలకెత్తించిన రాగులు, పెసలతో బిడ్డల పిండి చేసి 1982లో దాని గురించి అచ్చు వేసినారు. బరోడాలో తారా గోపాల్‌దాస్ గారు ఇంకా సులువు చూపించినారు. మామూలు జావ కాచేటప్పుడు ఒక చెంచా మొలకల పిండి కలిపితే చాలు, గట్టిది పలచబడుతుంది. మొలకల్లో క్రిములు కూడా పెరుగుతాయి కాబట్టి, బాగా ఎండబెట్టి వేయించిన పిండే వాడాలి, కలిపినాక జావను ఒక ఉడుకు రానియ్యాలి. పండుటెండ రోజుల్లో ఒక రాత్రి నాన, ఒకటి రెండు రోజులు గుడ్డమూట, తరవాత ఎండ. మొలక వేర్లు చాటలో నలిపి చెరిగేయాలి.

ప్రభుత్వం వైపు చూస్తే, 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైంది, అంగన్‌వాడీలు వచ్చినాయి. మన పెద్దపాపలు మళ్లీ బడికి పోయింది చాలావరకు వాటివల్లనే. తిండి మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. 2013 నుంచి బాలామృతం పేరుతో ఏడు నెలల నుంచి మూడేండ్ల బిడ్డకు నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్ ఇస్తా ఉన్నారు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. మంచి పిండే. కొన్ని ఇండ్లలో అది బిడ్డకు కాకుండా ఇంట్లో అందరికీ లడ్డూలు అయిపోతోందని మనకందరికీ తెలిసిన రహస్యమే.

2004 అక్టోబరు 7న సుప్రీంకోర్టు ఒక ఉత్తరువు ఇచ్చింది. అంగన్‌వాడీల తిండికి కాంట్రాక్టర్లను వాడకూడదు, వీలైనంతవరకు గ్రామ సమాజాలు, స్వయం సహాయక సంఘాలు, మహిళా మండళ్ల ద్వారా చేయించండి అని. ఆ మాటను గట్టిగా పట్టుకున్నది కేరళ ఆడవాళ్లు. 2006లో కాసరగోడులో కుటుంబశ్రీ సంఘాలు అమృతం పిండి మొదలు పెట్టినాయి. పిండి తయారీ నేర్పించింది అక్కడి కృషి విజ్ఞాన కేంద్రం. తరవాత రాష్ట్రమంతా అంగన్‌వాడీలకు పిండి ఇచ్చేది ఆ సంఘాల యూనిట్లే. సంఘాల విషయంలో మనమేమీ వెనక లేము. 2000లో వెలుగు మొదలైన ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. 2007 ప్రాంతంలో మన గ్రామ సంఘాలే గర్భిణులకు, బిడ్డలకు వండిపెట్టే పోషకాహార కేంద్రాలు నడిపినాయి. వండటం మనకు కొత్త కాదు, ఆర్డరు మనదాకా రావడమే కొత్త.

మా సంఘంలో ఒక చెల్లెలు ఉంది, ఇరవై రెండేండ్లు. ఈ ఏడు రెండు నెలల కంతు సగమే కట్టింది. అడిగితే బిడ్డకు డబ్బా కొన్నాను అక్కా అనింది. తెలిసిన మెడికల్ షాపాయన ఇంటి పిండితో బిడ్డ తెలివి తక్కువవుతుంది అన్నాడంట. అత్త చేసే రాగి పాలు ఇంట్లో ఉండగానే. డబ్బా ఖరీదు పెట్టి పొదుపుగా వాడాలని చెంచా పొడిని గ్లాసు నీళ్లలో కలిపింది. బిడ్డ బరువు అంగన్‌వాడీ చార్టులో పసుపు గీతలోకి దిగింది. ఇప్పుడు రోజుకు మూడు పూటలు మాల్ట్ జావ, మధ్యలో తల్లిపాలు, పప్పన్నం, వారంలో మూడు గుడ్లు పెడతా ఉంది. పోయిన నెల గీత పైకి పోయింది. ఆమెను తప్పు పట్టే హక్కు మాకు లేదు. రాగి పాల గురించి ఆమెకు గొప్పగా చెప్పినవాళ్లు ఎవరున్నారు?

యూనిట్ మీద మా అభిప్రాయం సూటిగా చెప్తాం. అమ్మకానికి తొందర పడవద్దు. పసిబిడ్డల తిండి అని రాసి అమ్మితే ఆ 1992 చట్టం మనకూ వర్తిస్తుంది. ప్యాకెట్ మీద బొద్దుగా ఉండే బిడ్డ బొమ్మ వేద్దామని కొందరు అడిగినారు. అట్లా వేయకూడదు. ఆహార భద్రత లైసెన్సు కావాలి, పిండిని ల్యాబులో పరీక్ష చేయించాలి. అన్నీ నేర్చుకోవడానికి కలికిరిలో, తిరుపతి దగ్గర కరకంబాడిలో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. ఇక్కడే శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో హోమ్ సైన్స్ చెప్పే మేడమ్‌లు ఉన్నారు. ఈ ఏడు ముందు మన ఇండ్లకు, మన కోడండ్లకు చేసుకుందాం.

వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు రండి. ఒకరు ఉగ్గు చేయడం వచ్చిన పెద్దావిడ, ఒకరు రెండేండ్ల లోపు బిడ్డ ఉన్న తల్లి. కిలో రాగులు, పావు కిలో పెసలు, ఒక తెల్లటి నూలు గుడ్డ తీసుకురండి. బిడ్డ బరువు కార్డు మరిచిపోకండి. పిండి మర ఉన్న సభ్యులు పేర్లు ముందే రాయించండి, మిరపకాయలు పట్టిన మరలో బిడ్డల పిండి పట్టలేం.