గోధుమల బాకీలో వచ్చిన పుస్తకం

(రేడియో ప్రసంగానికి అక్షర రూపం)



ఈ కార్యక్రమం నడిపే మిత్రులు "చరిత్ర గురించి ఓ పావుగంట మాట్లాడండి" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను చరిత్రకారుణ్ణి కాను. చదివింది కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్. షికాగో దగ్గర కన్సల్టెంటుగా పనిచేస్తూ, కంపెనీల డేటాబేసులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చి పెడుతుంటాను. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే నిరుడు ఒక పుస్తకం కోసం నెలల తరబడి వెతికాను. ఆ వెతుకులాటలో తెలిసినవి మీకెవరికైనా పనికొస్తాయేమోనని ఆశ.

అది మా తాతయ్య రాసిన పుస్తకం. అమ్మవాళ్ళ నాన్నగారు. కోనసీమలో ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల మాస్టారు. 1968లో తమ ఊరి చరిత్ర రాసి, సొంత డబ్బు పెట్టి రాజమండ్రిలో అచ్చు వేయించారు. తొంభై పేజీలుంటుంది. అప్పటికి అమ్మ అయిదో తరగతి. చిత్తుప్రతిని సాపు రాయడంలో తనూ ఓ చెయ్యి వేసిందట. మిగిలిన కాపీలన్నీ ఒక భోషాణంలో ఉండేవి. 1986 ఆగస్టు వరదలో గోదావరి ఇంట్లోకి వచ్చి భోషాణంతో సహా ముంచేసింది. అప్పటికే తాతయ్య లేరు. నేనింకా పుట్టలేదు.

నిరుడు అమ్మ మా దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. ఒకరోజు నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటే వెనకాల నిలబడి, "ఏరా, అన్నీ ఇందులో దొరుకుతాయంటావుగా, మా నాన్న పుస్తకం దొరుకుతుందేమో చూడు" అంది. రెండు నిమిషాల పనే కదా అనుకున్నాను.

గూగుల్‌లో తెలుగులో కొట్టాను, లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను, లేదు. ప్రపంచంలోని ఎన్నో గ్రంథాలయాల జాబితాలు కలిపిన వరల్డ్‌క్యాట్ అనే సైటు ఉంది. అందులోనూ లేదు. తాతయ్య పేరును తెలిసిన స్పెల్లింగులన్నిటితోనూ ప్రయత్నించాను. నాలుగైదు నెలలు అలా గడిచాక వదిలేశాను. అమ్మ మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టంగా అనిపించింది.

చివరికి దారి చూపింది మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో రిఫరెన్స్ డెస్కు దగ్గర కూర్చునే పెద్దావిడ. ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు. నేను రాసిచ్చిన స్పెల్లింగు చూసి, "ఇది మీ ఇంట్లో రాసుకునే పద్ధతి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ప్రతి భాషకూ ఒక పట్టిక ఉంది. దాని ప్రకారం రాసి చూడండి" అంది. ఆ పట్టిక ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నా తప్పేమిటో చూడగానే అర్థమైంది.

మనం 'చ' రాయాలంటే సి, హెచ్ రెండూ వేస్తాం. ఆ పట్టికలో 'చ'కు సి ఒక్కటే. సి, హెచ్ కలిపితే అది వత్తు 'ఛ'. మనం 'త' రాయాలంటే టి పక్కన హెచ్ తగిలిస్తాం. అక్కడ 'త'కు ఉత్త టి. మూర్తి అనే పేరును మన పాస్‌పోర్టుల్లో చివర టి, హెచ్, వై అని రాసుకుంటాం. అక్కడ టి, ఐ. దీర్ఘానికి అక్షరం మీద గీత, 'ట', 'డ'లకు కింద చుక్క. గీతలూ చుక్కలూ వెతికేటప్పుడు వదిలేసినా ఫరవాలేదు. 'చరిత్ర' అన్న ఒక్క మాటలోనే నేను రెండు హెచ్‌లు ఎక్కువ పెట్టి, అయిదు నెలలు వెతికానన్నమాట. డేటాబేసులతో బతికేవాణ్ణి, సిగ్గుగానే ఉంది. పాత రికార్డుల్లో చాలావాటిలో తెలుగు లిపి ఉండదు కాబట్టి ఈ పట్టికే దిక్కు.

హెచ్‌లు తీసేసి కొట్టాను. వచ్చింది. తాతయ్య పేరు, పుస్తకం పేరు, రాజమండ్రి, 1968. అమెరికాలో నాలుగు విశ్వవిద్యాలయాల లైబ్రరీల్లో ఉంది. అమ్మను పిలిచి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి, "అమెరికా వాళ్ళకి మా ఊరితో ఏం పని?" అంది.

మంచి ప్రశ్న. దానికి జవాబు వెతకడం మొదలుపెడితే అదొక పెద్ద కథ అని తేలింది.

1954లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని నంబరు పబ్లిక్ లా 480. పి.ఎల్. 480 గోధుమలు అంటే మన పెద్దవాళ్ళందరికీ గుర్తే. ఆ చట్టం కింద రెండు రకాలుగా తిండిగింజలు వచ్చాయి. బడిపిల్లల ఉప్మా కోసం, కరువు సాయం కోసం ఊరికే ఇచ్చినవి కొన్ని. ప్రభుత్వానికి అమ్మినవి చాలా ఎక్కువ. మన దగ్గర డాలర్లు లేవు కాబట్టి వాటి ఖరీదు రూపాయల్లోనే తీసుకునేవారు. ఆ రూపాయలు మన దేశంలోనే అమెరికా ఖాతాలో గుట్టలుగా పేరుకుపోయాయి. వాటిని అమెరికాకు పట్టుకుపోయి చేసేదేమీ లేదు, అక్కడే ఖర్చు పెట్టాలి. ఎంత పేరుకుపోయాయంటే, 1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి డేనియల్ పాట్రిక్ మోయ్నిహాన్ భారత ప్రభుత్వానికి 1,664 కోట్ల రూపాయల చెక్కు రాసిచ్చి, చాలా భాగం బాకీని మాఫీ చేయవలసి వచ్చింది.

ఆ రూపాయల్లో కొంత పుస్తకాలకు వాడుకోవచ్చని 1958లో చట్టాన్ని సవరించారు. మిషిగన్ నుంచి ఎన్నికైన జాన్ డింగెల్ అనే సభ్యుడు తెచ్చిన సవరణ అది. దాని ప్రకారం 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ న్యూఢిల్లీలో ఆఫీసు పెట్టి, భారతదేశంలో అచ్చయిన పుస్తకాలు భాషలవారీగా కొనడం మొదలుపెట్టింది. ఒక్కో పుస్తకం కాపీలు కొన్ని కొని, ఈ పథకంలో చేరిన విశ్వవిద్యాలయాలకు తలా ఒకటి పంపేది. నవలలు, శతకాలు, పంచాంగాల దగ్గర్నుంచి పల్లెటూరి మాస్టారు రాసిన తొంభై పేజీల పుస్తకం దాకా ఓడలెక్కాయి. మన కృష్ణా, గోదావరి జిల్లాల్లోనే చెదలకూ వరదలకూ పోయిన పుస్తకాలు షికాగోలో, మాడిసన్‌లో, బర్క్‌లీలో ఏసీ గదుల్లో ఉండటానికి కారణం ఆ గోధుమలే.

అయితే వాళ్ళు ఇదంతా మన మీద ప్రేమతో చేశారనుకుంటే పొరపాటు. 1957 అక్టోబరులో రష్యా స్పుత్నిక్ ప్రయోగించింది. మరుసటి ఏడాదే అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం అని ఒకటి చేసింది. పేరులోనే రక్షణ అని ఉంది చూడండి. ప్రపంచంలో ఏ మూల ఏం జరుగుతోందో తెలియాలంటే ఆయా భాషలు వచ్చినవాళ్ళు కావాలని ఆ చట్టం కింద విశ్వవిద్యాలయాలకు డబ్బిచ్చారు. ఏరియా స్టడీస్ అనే శాఖలకు అలా ఊపొచ్చింది. మన భాష వాళ్ళకొక 'ఏరియా'. కానీ ఆ తలుపులోంచే మంచి పండితులూ వచ్చారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావు గారు ఎన్నో ఏళ్ళు తెలుగు చెప్పారు. ఆయనా, ఆయనతో కలిసి పనిచేసినవారూ చేసిన అనువాదాల వల్లే ఇవాళ ఇక్కడ పుట్టిన మన పిల్లలు పెద్దన గురించి ఇంగ్లీషులో చదవగలుగుతున్నారు.

సరే, మన పుస్తకానికి వద్దాం. ఇంటర్‌లైబ్రరీ లోన్ అని ఒక సదుపాయం ఉంది. మీ ఊరి లైబ్రరీ కార్డు ఉంటే చాలు, వాళ్ళే వేరే లైబ్రరీ నుంచి తెప్పించి పెడతారు. పదిహేను రోజుల్లో పుస్తకం వచ్చింది. గట్టి అట్ట వేసి బైండు చేశారు. లోపల పి.ఎల్. 480 అని ముద్ర. కాగితం పసుపుపచ్చగా అయింది గానీ, ఎవరూ తెరిచినట్టు లేదు. అమ్మ ముందు వాసన చూసింది. తర్వాత పది పేజీలు తిప్పి, "ఈ తప్పు నేను చేసిందే, సాపు రాసేటప్పుడు ఒత్తు వదిలేశాను" అని నవ్వింది. ఆ తర్వాత కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

గడువు మూడు వారాలు. రోజూ సాయంత్రం అమ్మ పైకి చదివేది, మేం వినేవాళ్ళం. చెరువు ఎవరు తవ్వించారు, కాలువ ఎప్పుడొచ్చింది, ఏ సంవత్సరం ఏ తుపాను. చివర్లో ఒక జాబితా ఉంది. రంగూన్ వెళ్ళినవాళ్ళ పేర్లు. కాకినాడ నుంచి స్టీమరెక్కి మన గోదావరి వాళ్ళు బర్మాకు కూలికి వెళ్ళేవారని మీలో చాలామందికి తెలుసు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో మనవాళ్ళను కోరంగీలు అనేవారు. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక, 1942లో ఎంతోమంది అడవులు దాటి కాలినడకన వెనక్కి వచ్చారు. దారిలో పోయినవాళ్ళు పోయారు. తాతయ్య తన ఊరి నుంచి వెళ్ళిన ముప్ఫై ఒక్కమంది పేర్లు రాసి, ఎవరు తిరిగొచ్చారో, ఎవరు రాలేదో ఎదురుగా గుర్తుపెట్టారు. రానివాళ్ళలో అమ్మ నాయనమ్మగారి అన్నయ్య ఒకరు. ఆయన ఫలానా అని పేరుతో సహా అమ్మకు తెలియడం అదే మొదటిసారి. "మా నాయనమ్మ సాయంత్రం పూట గుమ్మంలో కూర్చుని ఎవరికోసం చూసేదో ఇప్పుడు తెలిసింది" అంది.

ఇక్కడే నాకొక సంగతి తట్టింది. మన గురించి ఇంటర్నెట్‌లో ఉన్న పాత సమాచారం తక్కువేమీ కాదు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ ఉంది. అందులో బ్రౌన్ దొరగారి తెలుగు నిఘంటువు 1903 ముద్రణ, గ్విన్ గారి 1991 నిఘంటువు వెతుక్కోవడానికి వీలుగా పెట్టారు. 26 సంపుటాల ఇంపీరియల్ గెజిటీర్ ఉంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో హెమింగ్వే రాసిన 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీర్, బాస్వెల్ 1873లో అచ్చువేసిన నెల్లూరు మాన్యువల్ లాంటివి ఉన్నాయి. ఊరి పేరు పాత స్పెల్లింగులో వెతకడం మరిచిపోకండి. కాకినాడ అప్పట్లో కొకనాడ, విజయవాడ బెజవాడ, ఏలూరు ఎల్లోర్, మచిలీపట్నం మసూలిపటం. చిత్తూరు జిల్లాలో పుట్టి కార్నెగీ మెలన్‌లో ఆచార్యుడైన రాజ్ రెడ్డి గారి చొరవతో సాగిన మిలియన్ బుక్ ప్రాజెక్టు వల్ల తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో స్కాన్ అయ్యాయి. అవి ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు 2017 ప్రాంతంలో మూతపడింది గానీ, చాలా పుస్తకాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బతికే ఉన్నాయి. వాటి పేర్లను ఎవరికి తోచినట్టు వాళ్ళు టైపు చేశారు. కాబట్టి అక్కడ మాత్రం లైబ్రరీ పట్టిక ఒక్కటే నమ్ముకోకుండా, మూడు నాలుగు రకాలుగా కొట్టి చూడాలి.

ఇవన్నీ గొప్ప వనరులే. కానీ గెజిటీర్లు రాసింది శిస్తు వసూలు చేసేవాళ్ళ కోసం. అందులో ఊరికి ఎన్ని ఎకరాలు, ఎంత జనం అన్నది దొరుకుతుంది. రంగూన్ నుంచి తిరిగిరానివాడి పేరు దొరకదు. ఆ పేరు రాసినవాడు ఊరి మాస్టారు. దాన్ని దాచినవాడు గోధుమల బాకీ వసూలు చేసుకున్న పరాయివాడు. ఆ పేరు ఎవరిదో చెప్పగలిగింది అమ్మ ఒక్కతే. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పుస్తకం ఉండీ లేనట్టే.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఆ పుస్తకాన్ని ఒక విశ్వవిద్యాలయం స్కాన్ చేయించింది కూడా. అది హాతిట్రస్ట్ అనే సైటులో ఉంది. అయితే తెరిచి చదవడానికి వీల్లేదు. మన దేశంలో రచయిత పోయాక అరవయ్యేళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది మరి. హక్కుదారులు ఒక ఫారం మీద సంతకం పెడితే అందరికీ తెరుస్తారు. హక్కుదారులంటే అమ్మ, పిన్ని, ఇద్దరు మావయ్యలు. ఇంటి స్థలం దగ్గర తేడా వచ్చి మావయ్యలిద్దరికీ పన్నెండేళ్ళుగా మాటల్లేవు. అమ్మ ఇక్కడి నుంచే ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి రంగూన్ పేర్ల జాబితా చదివి వినిపించింది. సంతకాలు వచ్చాయి. ఇద్దరూ ఒకే కాగితం మీద పెట్టారు. మాటలు కలిశాయా అంటే ఇంకా లేదు. నెల క్రితం ఆ ఫారం పంపించాం, జవాబు కోసం చూస్తున్నాం.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పుస్తకం ఏదో ఒకటి ఉండే ఉంటుంది. తాతగారు రాసిన శతకమో, ఊరి గుడి స్థలపురాణమో. ఈ వారాంతం ఒక గంట కూర్చుని వెతకండి. వెతికేటప్పుడు పక్కన అమ్మనో నాన్ననో కూర్చోబెట్టుకోండి. సైటు రేపు కూడా ఉంటుంది. అందులోని పేర్లు గుర్తుపట్టేవాళ్ళు ఎంతకాలం ఉంటారో మనకు తెలియదు.

'చ'కు హెచ్ అక్కర్లేదని మాత్రం మరిచిపోకండి. సెలవు.