గొంతొక్కటే సామాను

టీవీ లేని రోజుల్లో పొద్దెలా పోయేదని అడుగుతావేమిట్రా చిన్నోడా, మాకు రాత్రుళ్లు చాలేవి కావు. ఆ కొబ్బరి డొక్కలు రెండు మంటలోకి తొయ్యి, చెప్తాను. అమ్మడూ, గాలి నీ వైపే ఉంది, పొగంతా కళ్లలోకి పోతుంది. ఇటు నానమ్మ పక్కకి రా.

అప్పనపల్లి అంటే అప్పటికి ఇన్ని బస్సులూ, ఇంతమంది యాత్రికులూ కాదు. మొల్లేటి రామస్వామి గారి కొబ్బరి కొట్టులో బాలబాలాజీ వెలిశాకే కదా ఈ సందడంతా. అంతకు ముందు ఇది వైనతేయ పాయ ఒడ్డున తోటల మధ్య ఓ పల్లెటూరు. బోడసకుర్రు దగ్గర వంతెన లేదు. అమలాపురం వెళ్లాలంటే రేవు దాటాలి. అలాంటి ఊరికి ఆటగాళ్లు రావాలంటే కాలినడకన రావాలి, లేదా పడవెక్కి రావాలి. అంచేత వాళ్ల వెంట సామాను తక్కువ. కొందరి దగ్గర బొమ్మల పెట్టె ఉండేది, కొందరి దగ్గర ఓ డోలు. ఏమీ లేనివాడి దగ్గర కూడా ఒకటుండేది, గొంతు. దాంతోనే తెల్లవార్లూ ఊరిని కూర్చోబెట్టేవాడు.

తోలుబొమ్మలాట చూశారా మీరు? స్కూలు పుస్తకంలో బొమ్మ చూసుంటారు. మాధవపట్నం బొమ్మలాట వాళ్లని చెప్పుకునేవాళ్లం, కాకినాడ దగ్గర. తెర ఇవతల పెద్దలంతా చాపలేసుకుని కూర్చుంటే మేం పిల్లలం నెమ్మదిగా తెర వెనక్కి చేరేవాళ్లం. అక్కడే అసలు విడ్డూరం. ఇవతల నుంచి చూస్తే రావణాసురుడు గద్దిస్తున్నాడు, సీతమ్మ ఏడుస్తోంది, జుట్టుపోలిగాడూ బంగారక్కా తిట్టుకుంటున్నారు. వెనక చూస్తే చెమటలు కక్కుతూ ఓ బక్కపలచని మనిషి, పక్కన వాళ్లావిడ, ఓ మద్దెలవాడు, అంతే. రావణుడు గద్దించి ఊపిరి తీసుకునేలోగా అదే నోట్లోంచి పోలిగాడి కీచుగొంతు. కాలి కింద చెక్క పెట్టుకుని, దాన్ని టపటపా తొక్కితే యుద్ధం. మేం రాముడిని చూడ్డం మానేసి అతని మెడ నరాలు చూస్తూ ఉండిపోయేవాళ్లం.

హరికథ చెప్పే దాసుగారిదీ అదే విద్య. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు, మెళ్లో దండ. ఆయనే కైక, ఆయనే దశరథుడు, నడుమ పిట్టకథ చెప్పి నవ్వించేదీ ఆయనే. విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు గారు, 1864లో పుట్టి 1945లో పోయారు, ఆయన ఆ కళకి అంత గౌరవం తెచ్చిపెట్టబట్టి తర్వాతి దాసులందరూ తల ఎత్తుకుని వేదిక ఎక్కారు. పగటివేషాల వాళ్లయితే మరీ గడుసు. ఊళ్లోకి వచ్చిన మొదటి రోజు వేషం వేసేవారు కాదు. అరుగుల మీద కూర్చుని కరణం గారు ఎలా మాట్లాడతారు, కోమటి ఎలా బేరమాడతాడు, అన్నీ వినేవారు. మర్నాడు ఆ మాట తీరే వాళ్ల నోట్లోంచి వచ్చేది. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

నేను ఇన్నేళ్లుగా అనుకుంటున్నదీ అదేరా. నవ్వించేవాడికి నోరుంటే చాలదు, ముందు చెవి ఉండాలి. వినలేనివాడు పలకలేడు. మా మేనత్త కొడుకొకడు రేవు దగ్గర పడవ పనికి వెళ్లేవాడు. అవతలి ఒడ్డు నుంచి ఎవరు కేకేసినా, మనిషి కనపడక ముందే, ఫలానా ఊరి మనిషని చెప్పేవాడు. ఆ కేక మళ్లీ వేసి చూపించేవాడు కూడా. చదువు లేదు, సంధ్య లేదు, చెవి మాత్రం అంతటిది. ఈ రోజుల్లో పుట్టుంటే వాణ్ని టీవీలో చూసేవాళ్లం.

ఏ గొంతుకీ అందని మోత కూడా ఒకటి విన్నాన్లే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి అంటుకుంది. అరవై అయిదు రోజులు మండింది. ఆ వెలుగుకి రాత్రిళ్లు మా వాకిట్లో నీడలు పడేవి. ఆ హోరు మాత్రం ఎలా చెప్పను మీకు! చెవుల్లో కాదు, గుండెల్లో మోగేది. మార్చిలో ఆర్పేశాక ఆ నిశ్శబ్దం కొత్తగా ఉండి నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. మీ నాన్నప్పుడు చిన్నవాడు, ఆ హోరు నోటితో చెయ్యాలని చూసి దగ్గు తెచ్చుకునేవాడు.

ఎక్కడున్నాం? ఆఁ, గొంతు. మైకు వచ్చాక ఈ విద్య స్వరూపమే మారింది. మైకు లేనప్పుడు వెనక వరసకి వినపడాలని నాటకం వాళ్లంతా గొంతు చించుకునేవారు. మంద్రంగా పలికితే ముందు కూర్చున్న మునసబు గారికి తప్ప ఎవరికీ అందేది కాదు. మైకు ముందు అలా కాదు. పెదాలు దగ్గరపెట్టి ఊపిరి వదిలితే అది గాలివాన. నాలుక అంగిట్లో కొడితే గుర్రం డెక్కలు. చెయ్యి అడ్డం పెట్టి తియ్యగానే కొండల్లో ప్రతిధ్వని. అంతవరకూ ఎవరికీ వినపడని చిన్న చిన్న చప్పుళ్లు వెయ్యిమందికి వినపడటం మొదలైంది. ఆ కిటుకు పూర్తిగా పట్టుకున్న మహానుభావుడు ఓరుగల్లులో పుట్టాడు. నేరెళ్ల వేణుమాధవ్.

కాదురా, నువ్వనుకునే సినిమా వేణుమాధవ్ కాదు. అతను కోదాడ అబ్బాయి. అతనూ మిమిక్రీతోనే మొదలయ్యాడు, బొమ్మని చేత్తో పట్టుకుని మాట్లాడించేవాడు, పాపం 2019లో పోయాడు. నేను చెప్పేది వాళ్లందరికీ పెద్దదిక్కు గురించి. వరంగల్లు మట్టెవాడలో 1932 డిసెంబరు 28న పుట్టాడు. చిన్నప్పుడు సినిమా చూసొచ్చి నాగయ్య గారి గొంతు పలికేవాడట. బతుకుతెరువుకి సర్కారు బడిలో పంతులు పని చేశాడు. పగలు బడి, రాత్రి వేదిక.

నేనాయన్ని మొదట విన్నది రేడియోలో. బెజవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది గానీ మా వీధిలోకి రేడియో రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక మాత్రం పంచాయతీ రేడియో దగ్గర జాతరే. అందులో ఒక సినిమా నటుడి గొంతు, వెంటనే ఇంకొకాయనది, ఆ వెనకే నెహ్రూ గారిది. అందరూ ఒకే గదిలో ఎలా కూడారా అనుకున్నాను. తర్వాత చెప్పారు, ఒక్కడేనని. తెర వెనక ఆ బక్కపలచని మనిషి గుర్తొచ్చాడు నాకు. అదే విద్య. తోలుబొమ్మ తీసేశాడు, తెర తీసేశాడు, మనిషి మిగిలాడు.

ఆయన పేరు చెప్పగానే జనం ఇంగ్లీషు సినిమాల గురించి మాట్లాడేవారు. టెన్ కమాండ్‌మెంట్స్, మెకన్నాస్ గోల్డ్. సముద్రం చీలటం, కొండ విరిగిపడటం, గుర్రాలు, తుపాకులు, వెనకొచ్చే సంగీతం అన్నీ ఒక్క నోటితో. హాలీవుడ్ వాళ్లకి ఎంత బృందం కావాలి దానికి! మన పల్లెల్లో ఆ సినిమాలు చూసినవాళ్లు పదిమంది కూడా ఉండరు. అయినా ఆ చప్పుళ్లు విని ఏం జరుగుతోందో అందరికీ తెలిసిపోయేది. భాష రానివాడికి కూడా కథ చెప్పగలిగాడంటే అది మామూలు సంగతి కాదు. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి వాళ్ల ముందు ప్రదర్శన ఇచ్చాడంటే ఎందుకివ్వడు మరి.

నాకు అంతకంటే గొప్పగా తోచింది ఇంకోటుంది. పిట్టల్లా కూయడం, మనుషుల్లా మాట్లాడటం కోతి చేష్టల కింద జమకట్టేవారు అప్పట్లో. పెళ్లిలో పిలిచి చేయించుకుని, బంతిలో మాత్రం చివర కూర్చోబెట్టేవారు. అలాంటి విద్య పట్టుకున్న మనిషి 1972 నుంచి 1978 దాకా శాసనమండలి సభ్యుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 2001లో పద్మశ్రీ. ఇవన్నీ ఒకెత్తు, పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయంలో మిమిక్రీని పాఠంగా పెట్టడం ఒకెత్తు. తను చేసి చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోవచ్చు కదా? అలా పోలేదు. పుస్తకం రాశాడు, శిష్యుల్ని తయారుచేశాడు. ఏలూరు నుంచి వచ్చిన హరికిషన్ లాంటి వాళ్లు ఆ దారిలో పాఠాలు చెప్పారు, టీవీల్లో చేశారు. 2018 జూన్‌లో పెద్దాయన పోయాడు. హనుమకొండలో ఆయన పేరుతో కళాప్రాంగణం ఉంది. ఆయన పుట్టినరోజుని మిమిక్రీ వాళ్లు పండగలా చేసుకుంటారు. ఇప్పుడు బతుకుతున్న ప్రతి మిమిక్రీ కుర్రాడూ ఆయనకి బాకీ పడ్డవాడే.

చలేస్తోందా అమ్మడూ? దుప్పటి కప్పుకో. ఇంకా మన కోనసీమ వాడి సంగతి చెప్పలేదు.

హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరులో మొదలైంది. మన దాకా బొమ్మ రావడానికి ఎనభైలు దాటాయి. తాటిచెట్టంత గొట్టానికి యాంటెన్నా కట్టి, ఒకడు డాబా మీద తిప్పుతుంటే ఒకడు కింద నుంచి అరిచేవాడు. అప్పుడు నేనన్నాను, ఇంక గొంతుతో బతికేవాళ్ల పని అయిపోయింది, మొహం బాగున్నవాడిదే రాజ్యం అని. ఊళ్లో అందరూ అదే అన్నారు. అలా జరగలేదు. మన అమలాపురం దగ్గర నేదునూరు కుర్రాడొకడు ఆ గొంతుతోనే తెర మీదికి వచ్చాడు. లంక భద్రాద్రి శ్రీరాం. మీకు ఎల్బీ శ్రీరాం అంటే తెలుస్తుంది.

1952లో పుట్టాడు. ముందు నాటకాలు. రాసేదీ తనే, వేసేదీ తనే. నాటిక పోటీలంటే మీకు తెలియదు, రావులపాలెం సీఆర్సీ వాళ్లు ఉగాదికి పెడతారే, అలాంటివి. గంటసేపట్లో తెర లేవాలి, కథ నడవాలి, ఏడిపించాలి, నవ్వించాలి, తెర పడాలి. సెకను ఎక్కువైనా మార్కులు పోతాయి. అక్కడ రాసి నెగ్గినవాడికి మాట విలువ తెలుస్తుంది. ఆ తర్వాత రేడియోలో పనిచేశాడు. రేడియోలో మొహం లేదు, దీపాలు లేవు, రంగు లేదు. వినేవాడి చెవి మాత్రమే ఉంది. వేదికా, రేడియో రెండూ తెలిసిన మనిషి సినిమాకి మాటలు రాస్తే ఎలా ఉంటుందో ఈవీవీ సత్యనారాయణ గారు కనిపెట్టారు. అప్పుల అప్పారావు, 1994లో హలో బ్రదర్. 1997లో చిరంజీవి గారి హిట్లర్‌కీ ఆయనే మాటలు రాశాడు. హాల్లో జనం నవ్వుతుంటే ఆ మాట మన గోదారి గట్టుదని నాకు తెలిసిపోయేది. మన వాళ్లు తిట్టినా దీవించినట్టుంటుంది చూడు, ఆ వరస.

నటుడిగా నిలదొక్కుకునేసరికి దాదాపు యాభై ఏళ్లొచ్చాయి. 2000లో వచ్చిన చాలా బాగుంది సినిమాలో ఒక గొంతు పెట్టాడు. నొక్కిపెట్టి, మాట చివర సాగదీసి పలికే గొంతు. ఊరూరా కుర్రాళ్లు దాన్నే పలికారు. వేణుమాధవ్ గారు వందమంది గొంతుల్లోకి వెళ్లిపోతే, ఈయన తన గొంతునే వందమంది నోళ్లలో పెట్టాడు. రెండూ కష్టమే. రెండోదానికి ఒక చిక్కుంది. జనానికి నచ్చిన గొంతు మనిషిని వదలదు. ఆ తర్వాత చాలా సినిమాల్లో అదే గొంతు, అవే నవ్వులు. తిండి పెట్టే గొంతుని ఎవరు కాదంటారు?

అయినా ఆయన కాదన్నాడు, అందుకే నాకిష్టం. అదే ఏడాది అమ్మో ఒకటో తారీఖు అని వచ్చింది. నెల జీతగాడి ఇల్లు, అప్పులు, ఆడపిల్లల పెళ్లిళ్లు. అందులో ఇంటి పెద్దగా ఆయన్ని చూసి మీ నానమ్మ కళ్లు తుడుచుకుంది. అడుగు కావాలంటే. ఏమే, గుర్తుందా? చూశారా, ఆ సినిమా పేరెత్తగానే ఎలా తల తిప్పుకుందో. నవ్వించేవాడు ఏడిపిస్తే అది మామూలుగా దిగదు, లోతుకి దిగుతుంది. తర్వాత పెద్ద వయసులో సినిమాల హడావుడి తగ్గించుకుని, హార్ట్ ఫిల్మ్స్ అని చిన్న చిన్న సినిమాలు తీయడం మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో అయిపోతాయి. ముసలాళ్లు, పల్లెలు, మన లాంటి ఇళ్లు. యూట్యూబులో పెడతాడు, డబ్బులిచ్చి చూడక్కర్లేదు. నాకు బాగా నచ్చినవాటిల్లో ఆ సాగదీసే గొంతు లేదు. మామూలుగా మాట్లాడతాడు, మన పక్కింటాయన అరుగు మీద కూర్చుని మాట్లాడినట్టే. వేదిక, రేడియో, సినిమా, ఆఖరికి ఈ అరచేతిలో అద్దం, ఇన్ని మారినా మనిషి మాత్రం నాటిక రాసే కుర్రాడే.

ఒరేయ్ చిన్నోడా, ఆ ఫోను ఇలా తే. ఛార్జింగు ఉందా? ఎల్బీ శ్రీరాం అని కొట్టు, నీకు ఇంగ్లీషులో కొట్టడం వచ్చుగా. ముందు ప్రకటన ఏదో వస్తుంది, దాన్ని దాటించెయ్యి. కాదు, నవ్వేది వద్దు, ఆ తాతా మనవడూ ఉన్నారే బొమ్మలో, అది పెట్టు. సౌండు పెంచు, నానమ్మకి వినపడొద్దూ?