అలిగిన నాయిక: కృష్ణా జిల్లా ప్రేమ నవల కథ

మైలవరం జమీందారు సూరానేని వెంకట పాపయ్యారావుకు నాటకమంటే ప్రాణం. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆయన నిలబెట్టిన బాలభారతీ నాటక సమాజాన్ని జనం ‘మైలవరం కంపెనీ’ అనేవారు. యడవల్లి సూర్యనారాయణ లాంటి నటులు అందులో పద్యం పాడారు. పాపట్ల కాంతయ్య కట్టిన వరుసలు బెజవాడ దాటి ఊరూరా తిరిగాయి. మామిడి తోటల మధ్య ఊరికి తెలుగు రంగస్థల చరిత్రలో చోటు దక్కింది ఆ సమాజం వల్లే.

ఆ తరవాత 1948లో మద్రాసు రాష్ట్రం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. మైలవరం, నూజివీడు, చల్లపల్లి జమీలన్నీ ఆ చట్టం కిందికే వచ్చాయి. శిస్తు వసూళ్లు పోయాయి, దివాణాలు చిన్నబోయాయి. చిత్రమేమిటంటే, పొలం మీద పెత్తనం పోయిన పదిహేనేళ్లకే జమీందారు మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. ఈసారి వారపత్రికలో, సీరియల్ నవలలో, కథానాయకుడి వేషంలో. కోడూరి కౌసల్యాదేవి ‘ప్రేమనగర్’లో కల్యాణ్ జమీందారు బిడ్డే. శిస్తు కట్టాల్సిన రోజుల్లో జమీందారును ప్రేమించడం ఏ రైతు కూతురికీ తోచి ఉండదు. అధికారం పోయి అందం, మేడ, కారు మాత్రం మిగిలాకే అతను కలలోకి రావడానికి పనికొచ్చాడు.

తెలుగు నవల అసలు పుట్టిందే ప్రేమకథతో అనాలి. 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసిన ‘శ్రీరంగరాజు చరిత్ర’కు ‘సోనాబాయి పరిణయము’ అని మరో పేరు ఉంది. ఒక రాజకుమారుడికీ లంబాడీల మధ్య పెరిగిన అమ్మాయికీ నడిచిన వలపు అది. ఆరేళ్ల తరవాత 1878లో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్ర’ వచ్చి దారి మళ్లించింది. ధవళేశ్వరం రాజశేఖరుడు మంచివాడు, కానీ పొగడ్తలకు పడిపోయి ఆస్తి పోగొట్టుకుని బుద్ధి తెచ్చుకునే గృహస్థు. అక్కడి నుంచి చాలాకాలం తెలుగు నవల పని సంఘాన్ని దిద్దడమే అయింది. ప్రేమ ఉన్నా వెనక వరసలో ఉండేది. చలం ‘మైదానం’ దాన్ని ముందుకు లాగింది గాని, ఆ పుస్తకాన్ని ఇంట్లో ఆడపిల్ల చేతికి ఇచ్చే ధైర్యం ఆనాటి పెద్దలకు లేదు. 1934లో ‘నారాయణరావు’ రాసిన అడవి బాపిరాజు మధ్యేమార్గం చూపించాడు. పెళ్లయ్యాక మొగుడి మీద మనసు కలగని జమీందారు కూతురు, సహనంగా ఎదురుచూసే భర్త. అంటే పెళ్లి ముందు, ప్రేమ తరవాత. ఆ ఏడే బాపిరాజు బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చాడు కూడా.

మరో ప్రవాహం బెంగాల్ నుంచి వచ్చింది. తెనాలి చక్రపాణి, బెజవాడలో దేశి కవితా మండలి నడిపిన బొందలపాటి శివరామకృష్ణ బెంగాలీ నవలాకారుడు శరత్‌బాబును తెలుగు ఇళ్లలో మనిషిని చేశారు. ఏడుస్తూనే తల వంచని ఆయన నవలల్లోని ఆడవాళ్లు మన వంటిళ్లలోకి వచ్చి కూర్చున్నారు. వాళ్లను చదివి పెరిగిన అమ్మాయిలే తరవాత కలం పట్టారు.

1957లో ముప్పాళ రంగనాయకమ్మ ‘కృష్ణవేణి’ వచ్చింది. 1960 దశకం మొదట్లో ఆంధ్రప్రభ వారపత్రిక నవలల పోటీలో కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ బహుమతి కొట్టింది. అదే 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమా అయి, నంది బహుమతులు పెట్టిన తొలి ఏడాదే ఉత్తమ చిత్రంగా నిలిచింది. అప్పటికి రంగం సిద్ధంగానే ఉంది. 1960లో విజయవాడలో ఆంధ్రజ్యోతి దినపత్రిక పుట్టింది, కొన్నేళ్లకు దాని వారపత్రిక తోడైంది. 1962లో అదే ఊళ్లో మేరీస్ స్టెల్లా మహిళా కళాశాల తెరిచారు. 1963లో మద్రాసు నుంచి ‘జ్యోతి’ మాసపత్రిక బయల్దేరింది, బాపు రమణల చెయ్యి పడిన పత్రిక. ఒకపక్క చదువుకున్న ఆడపిల్ల, ఇంకోపక్క ఆమె చేతికి అందే పత్రిక. ఈ రెంటి మధ్య ఖాళీని నింపే మనిషి కాజ గ్రామం నుంచి వచ్చింది.

యద్దనపూడి సులోచనారాణి పుట్టింది కృష్ణా జిల్లా మొవ్వ మండలం కాజలో. తొలి కథ ‘చిత్ర నళినీయం’ 1956లో ఆంధ్రపత్రికలో అచ్చయింది. అప్పటికామె టీనేజీ పిల్ల. కథ పేరు వింటే ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘చిత్రనళీయం’ నాటకం గుర్తురాక మానదు. పద్యనాటకాల గాలి ఇంకా వీస్తున్న జిల్లా అది. ఆ ఏడాదే నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని అయింది. కృష్ణా డెల్టా కుటుంబాలు ఉద్యోగాల కోసం, చదువుల కోసం ఆ నగరానికి బస్సెక్కడం మొదలుపెట్టాయి. సులోచనారాణి కూడా పెళ్లి చేసుకుని హైదరాబాదు చేరింది. ఆమె నవలల భూగోళం దాదాపు ఇంతే: ఒక కొస పల్లెలో పెద్ద ఇల్లు, ఇంకో కొస హైదరాబాదులో మేడ. మధ్యలో ప్రయాణం చేస్తూ ఒక అమ్మాయి.

‘సెక్రటరీ’ 1960 దశకం మధ్యలో జ్యోతిలో సీరియల్‌గా వచ్చింది. బామ్మతో ఉంటూ ఉద్యోగం చేసుకునే జయంతి అందులో నాయిక. నాయకుడి పేరు రాజశేఖరం. కందుకూరి రాజశేఖరుడికి ఇతను ఏ విధంగానూ బంధువు కాడు. దాదాపు తొంభై ఏళ్లలో తెలుగు నవల ఎంత దూరం నడిచిందో ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే తెలుస్తుంది. మొదటివాడిని చూసి నేర్చుకోవాలి, రెండోవాడిని చూసి మురిసిపోవాలి. ఆరడుగుల మనిషి, ఖరీదైన కారు, మాటల్లో కొంటెతనం, దాచిపెట్టిన మంచి మనసు. ఈ కొలతలు తరవాత ఎంతమంది రచయిత్రులకు పనికొచ్చాయో లెక్కలేదు. తెలుగునాట పెళ్లిచూపులకు వచ్చిన చాలామంది అమాయకపు కుర్రాళ్లు తమకు తెలియకుండానే ఈ రాజశేఖరంతో పోటీ పడి ఓడిపోయారు.

విమర్శకులు కారు దగ్గరే ఆగిపోయారు. గాలిమేడలన్నారు, పలాయనవాదమన్నారు. ‘ఇంగ్లీషు మిల్స్ అండ్ బూన్‌కు తెలుగు చీర కట్టారు’ అన్న మాట కూడా వినిపించింది. లండన్‌లో 1908లో పుట్టిన ఆ సంస్థ 1930ల నుంచి ప్రేమ నవలలకే అంకితమైన మాట నిజమే. డబ్బున్న అహంకారి మగవాడు, పేద ఆత్మగౌరవం గల అమ్మాయి అన్న మూస అక్కడా ఉంది. ఆ మాటకొస్తే 1813 నాటి జేన్ ఆస్టిన్‌లోనూ ఉంది. కానీ యద్దనపూడి నవలను నడిపించే ఇంధనం ఇంగ్లండు నుంచి తెచ్చుకోవలసినది కాదు. అది కాజకు కూతవేటు దూరంలోనే ఉంది.

కాజ ఉన్న మండలం పేరు మొవ్వ. మువ్వగోపాలుడి మీద పదాలు కట్టిన క్షేత్రయ్యది అదే ఊరని ప్రతీతి. మగవాడై ఉండి ఆడదాని గొంతుతో వలపు, కోపం, ఎత్తిపొడుపు పాడిన పదిహేడో శతాబ్దపు మనిషి. అదే మండలంలో కూచిపూడి ఉంది. సిద్ధేంద్రయోగి పేరుతో నడిచే భామాకలాపానికి అది పుట్టిల్లు. ఆ నాటకంలో జరిగేదేమిటి? సత్యభామ అలుగుతుంది. తన అందం మీద, తన కులుకు మీద ఉన్న గర్వాన్ని వదులుకోలేదు, కృష్ణుణ్ణి వదులుకోనూలేదు. లేఖ రాస్తుంది. రాత్రంతా అదే కథ. దానికి ప్రత్యర్థి రాక్షసుడు కాడు, అత్త కాదు, పేదరికం కాదు. ప్రేమించినవాడి ముందు తల వంచనంటున్న అభిమానం.

జయంతి చేసేదీ అదే. ప్రేమనగర్‌లో లతదీ అదే: నింద పడగానే మేడ దిగి వెళ్లిపోతుంది. ఆమె కూడా సెక్రటరీయే కావడం విశేషం. జీతం తీసుకునే చోట ఆత్మాభిమానం నిలుపుకోవడమెలా అన్నది అప్పుడప్పుడే ఆఫీసుల్లో అడుగుపెడుతున్న తరం అమ్మాయిలకు నిజమైన ప్రశ్న. ‘ఆయనకు డబ్బుంటే నాకేం?’ అన్న వైఖరి ఈ నాయికల అసలు ఆస్తి. నాయకుడి కారును గుర్తుపెట్టుకున్నవాళ్లు నాయిక ఆ కారు ఎక్కననడాన్ని మరిచిపోయారు. నవలలో సగం పేజీలు ఆ ఎక్కననడం మీదే నడుస్తాయి. పాఠకురాలు ఆ నవలను ఒళ్లో పెట్టుకున్నది పెళ్లి కోసం కాదు, ఆ బెట్టు కోసం.

సీరియల్ పద్ధతికి అలక అతికినట్టు సరిపోయింది. వారం వారం కథ ఆగాలి, మళ్లీ లేవాలి. హత్య జరిగితే ఒకసారే జరుగుతుంది. అపార్థం మాత్రం ఎన్ని వారాలైనా సాగుతుంది. పత్రిక పంపకానికి అందాల్సిన గడువు, చివరి పేరాలో మిగల్చాల్సిన ఉత్కంఠ, సంపాదకుడికి వచ్చే ఉత్తరాలు అన్నీ కలిసి కథను మలిచేవి. ఇక్కడ ఆమె పనితనం గురించి చెప్పాలి. సంభాషణ ఆమె బలం. వర్ణన తక్కువ, మాట ఎక్కువ, ఆ మాట కూడా కృష్ణా జిల్లా ఇంట్లో మనుషులు మాట్లాడుకున్నట్టే ఉంటుంది. బామ్మల గొణుగుడు, వదినల ఎత్తిపొడుపు, అత్తల ఆరా. నాయకుడు కలలోంచి వచ్చినా చుట్టూ ఉన్న ఇల్లు మాత్రం చూసి రాసిందే. ‘జీవన తరంగాలు’లో పేదింటి రోజా సంసారం చదివితే ఆ సంగతి తెలుస్తుంది. ‘మీనా’లో ప్రయాణం తిరగబడింది: నగరంలో తల్లి పెత్తనం కింద నలిగిన అమ్మాయి పల్లెకు వెళ్లి మనిషవుతుంది. డెల్టా నుంచి హైదరాబాదు వెళ్లిన తొలితరానికి వెనక్కి చూసుకునే బెంగ అప్పటికే మొదలైందని ఆ నవల సాక్ష్యం.

సినిమావాళ్లు ఊరుకుంటారా? 1973లో ‘జీవన తరంగాలు’ శోభన్‌బాబు, వాణిశ్రీ, కృష్ణంరాజులతో వచ్చింది. అదే ఏడు ‘మీనా’తో విజయనిర్మల తెలుగులో దర్శకురాలైంది. ఒక స్త్రీ రాసిన నవలతో మరో స్త్రీ మెగాఫోన్ పట్టడం ఆనాటికి చిన్న విషయం కాదు. 1976లో రామానాయుడు ‘సెక్రటరీ’ తీస్తే అక్కినేని రాజశేఖరమయ్యాడు. 1981లో ‘అగ్నిపూలు’. నవల చదివినవాళ్లు సినిమాకు వెళ్లి, ‘మన రాజశేఖరం ఇతను కాదే’ అని పెదవి విరిచిన సందర్భాలూ ఉన్నాయి.

1960, 70 దశకాల్లో మాదిరెడ్డి సులోచన, ద్వివేదుల విశాలాక్షి, వాసిరెడ్డి సీతాదేవి, విజయవాడ తెన్నేటి లత వంటివాళ్లంతా రాశారు. అందరివీ ప్రేమ నవలలు కావు. లత దారి వేరు, సీతాదేవి ‘మట్టిమనిషి’ భూమి కథ. అయినా మార్కెట్ అందరినీ ‘రచయిత్రులు’ అన్న ఒకే గంపలో వేసింది. ఆడపేరుకు ఎంత గిరాకీ వచ్చిందంటే మగవాళ్లు కూడా ఆ పేర్లు పెట్టుకున్నారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ ‘పురాణం సీత’ పేరుతో ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాశాడు. బందరులో ఎం. శేషాచలం అండ్ కో గా మొదలైన ఎమెస్కో చవక పాకెట్ పుస్తకాలతో నవలను ఇంటింటికీ చేర్చింది. కొనలేనివాళ్లకు అద్దె పుస్తకాల కొట్లు ఉండేవి. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం పెట్టిన పెద్దలు జ్ఞానం పంచాలనుకున్నారు. అదే ఊళ్లో రోజుకింత అద్దెకు నవలలు ఇచ్చిన కొట్టువాడు పంచింది చదివే అలవాటును. ఇద్దరికీ రుణపడి ఉండాల్సిందే.

మైలవరం, నూజివీడు వైపు ఈ నవలలకు ఒక కాలం ఉండేది. వేసవి సెలవులు, చిన్న రసాల కాపు ఒకేసారి వచ్చేవి. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు కత్తిరించి బైండు చేయించుకోవడం చదువరుల ఇళ్లలో మామూలు. ఆ బైండు వదిన చేతిలోంచి ఆడబిడ్డ చేతికి, అక్కడి నుంచి పక్కింటికి పోయేది. మొదటి పేజీ ఎప్పుడూ చిరిగే ఉండేది.

1980లలో గాలి మారింది. యండమూరి వీరేంద్రనాథ్ ఉత్కంఠను ముందుకు తెచ్చాడు. ‘వెన్నెల్లో ఆడపిల్ల’ ప్రేమకథే గాని, అందులో చదరంగపు ఎత్తుల్లాంటి పొడుపు ఉంది, నాయిక టెలిఫోనులో గొంతుగా తప్ప కనపడదు. విజయవాడ మల్లాది వెంకటకృష్ణమూర్తి ప్రేమకు హాస్యం కలిపాడు. ఇద్దరూ మంచి పనివాళ్లే. అయితే వాళ్ల చేతుల్లో తెలివి నాయకుడి వైపు మొగ్గింది, బెట్టు చేసే అమ్మాయి పక్కకు తప్పుకుంది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక సీరియల్ అన్న మాటే టీవీ సొంతమైంది. వారపత్రికలు సన్నబడ్డాయి, కొన్ని మూతపడ్డాయి. 2014లో బెంగళూరులో పుట్టిన ప్రతిలిపి యాప్‌లో ఇప్పుడు తెలుగు ప్రేమకథలు మళ్లీ భాగాలు భాగాలుగా వస్తున్నాయి, కింద పాఠకుల అభిప్రాయాలతో సహా. నాయకుడికి కారు ఇంకా పెద్దదైంది. అలక మాత్రం ఒక్క భాగంలోనే తీరిపోతోంది, అది లోటే.

2016లో త్రివిక్రమ్ ‘అ ఆ’ వచ్చినప్పుడు దానికి ‘మీనా’ పోలికలున్నాయని పత్రికల్లో పెద్ద చర్చే నడిచింది. నలభై ఏళ్ల నాటి సీరియల్‌ను జనం అంత వివరంగా గుర్తుపెట్టుకున్నారు. రెండేళ్లకు, 2018 మే నెలలో సులోచనారాణి కాలిఫోర్నియాలోని కుపర్టినోలో కన్నుమూసింది. కాజ నుంచి హైదరాబాదుకు, హైదరాబాదు నుంచి అమెరికాకు. ఆమె పాఠకుల పిల్లలు వెళ్లిన దారే అది.

ఆమె నవలలు ఇప్పటికీ అచ్చులో దొరుకుతున్నాయి. దొరకనివి అవి మొదట వచ్చిన పత్రికలు: వారం వారం ఎక్కడ ఆపారు, బొమ్మ ఎవరు వేశారు, పక్క పేజీలో ఏ ప్రకటన ఉంది, పాఠకులు ఏమని తిట్టారు అన్నవి పుస్తకంలో మిగలవు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలు ఎన్నింటినో స్కాన్ చేసింది గాని, ఆడవాళ్లు చదివిన మాసపత్రికలు దాచుకోదగ్గవని చాలాకాలం ఎవరికీ తోచలేదు. మైలవరంలోనో నూజివీడులోనో మీ అటక మీద అమ్మమ్మ కుట్టించిన సీరియల్ బైండు ఉంటే పాత కాగితాలవాడికి తూకానికి వెయ్యకండి. విజయవాడలో ఠాగూర్ గ్రంథాలయం ఉంది, లేదా స్కాన్ చేసేవాళ్లకు ఒక పూట అరువివ్వండి. మొదటి పేజీ చిరిగి ఉన్నా ఫరవాలేదు.