యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన: స్వయం రోగనిరోధక వ్యాధుల ఉమ్మడి వారసత్వం

యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) గురించిన తెలుగు రచనలలో అధికభాగం ఆయనకు దక్కని గుర్తింపు చుట్టూ తిరుగుతుంది. ఆయన మరణానంతరం ఆ పరిశోధన పట్టిన దారిని గూర్చిన చర్చ స్వల్పం.

భీమవరంలో జన్మించి, రాజమండ్రిలో కొంతకాలం చదివిన సుబ్బారావు ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధికి కోల్పోయారు. తానూ ఆ వ్యాధికి గురై ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ముగ్గురు అన్నదమ్ములకూ సోకినది గనుక అది వంశపారంపర్యమని ఊహించడం సులభం. కాని ఉష్ణమండల స్ప్రూకు సూక్ష్మజీవుల వల్ల పేగులకు కలిగే హానియే కారణమని వైద్యుల అభిప్రాయం. లక్షణాలలో దానిని పోలిన సీలియాక్ వ్యాధి వేరు. అది గోధుమలోని గ్లూటెన్ వల్ల తలెత్తే స్వయం రోగనిరోధక వ్యాధి. ఒక ఇంటివారికి ఉమ్మడిగా ఉండేవి జన్యువులే కావు, నీరూ వంటా కూడా. ఈ భేదాన్ని జీవితచరిత్రకారులు పట్టించుకోకపోవడం చిన్న లోపమేమీ కాదు.

1940లో లెడర్లీ సంస్థలో చేరిన సుబ్బారావు నాయకత్వంలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారయింది. అది స్ప్రూ రోగుల రక్తహీనతకు ఔషధమయింది. దాని చర్యను అడ్డగించే అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలపై ప్రయోగించి 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆ సంవత్సరమే సుబ్బారావు కన్నుమూశారు. 1951లో గబ్నర్ బృందం అదే మందు కీళ్లవాతాన్నీ సోరియాసిస్‌నూ కూడా ఉపశమింపజేస్తున్నదని తెలిపింది. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వాడేందుకు అమెరికా ప్రభుత్వం 1988లో అనుమతించింది.

రెండు వ్యాధులకు ఒకే మందు పనిచేసినంత మాత్రాన వాటి మూలం ఒకటేనని తేలదు. ఆ మందు రోగనిరోధక కణాల చురుకుదనాన్నే అణచుతుంది. ఉమ్మడి మూలానికి ఆధారాలు వేరొక దారిలో లభించాయి. తెల్లరక్తకణాలపై ఉండే హెచ్.ఎల్.ఎ. గుర్తులకు అనేక స్వయం రోగనిరోధక వ్యాధులతో సంబంధమున్నట్లు 1970వ దశకంలో వెల్లడయింది. 2004లో పి.టి.పి.ఎన్.22 జన్యువులోని ఒక మార్పు మొదటి రకం మధుమేహం, కీళ్లవాతం రెండింటిలోనూ కనిపించింది. అటుపిమ్మట థైరాయిడ్ వ్యాధులలోనూ గుర్తించారు. ఒకే రోగిలో ఇవి జంటగా కనిపించడానికి ఇదొక కారణం.

అయితే ఈ మార్పు ఐరోపా సంతతివారిలో సాధారణం, తూర్పు ఆసియా ప్రజలలో దాదాపు శూన్యం. అక్కడి నిర్ధారణలను గోదావరి మండలానికి యథాతథంగా అన్వయించలేము. మేనరికాల వల్ల పెరిగే వ్యాధులు ప్రధానంగా ఒకే జన్యువుకు సంబంధించినవి; పలు జన్యువులు, పరిసరాలు కలిసి కలిగించే ఈ వ్యాధులను ఆ కోవలో చేర్చడం తొందరపాటు.